‘చట్టబద్ధత కల్పించు’తో నా తగువు

కొన్నేళ్ళ కిందట ఒక ఇంగ్లిషు వ్యాసం అనువాదానికి నా దగ్గరికి వచ్చింది. విద్వేషం వెళ్ళగక్కేవాళ్ళని టీవీ చర్చలకు పిలవాలా వద్దా అన్నది అందులోని విషయం. పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంటే వాళ్ళని లెజిటిమైజ్ చేసినట్టేనని, అంటే వాళ్ళూ వినదగినవాళ్ళేనని ఒప్పుకున్నట్టేనని ఆ రచయిత వాదం. నా చెయ్యి అలవాటు ప్రకారం తిరిగింది. ‘వారిని చర్చకు ఆహ్వానించడమంటే వారికి చట్టబద్ధత కల్పించడమే’ అని రాసి పంపేశాను.

పేజీ చూసే పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి అడిగారు. “ఏమయ్యా, చర్చకు పిలిస్తే చట్టం మారిపోతుందా? మనుషులకు చట్టబద్ధత ఏమిటి? అంతకుముందు వాళ్ళేమైనా నిషేధించిన సరుకా?”

ఇద్దరం నవ్వుకున్నాం. టైము లేదు, ఇంకో మాట తట్టలేదు, వాక్యం అలాగే అచ్చయింది. చదివినవాళ్ళెవరూ అడగలేదు కూడా. అసలు బాధ అక్కడే ఉంది. అర్థం లేని వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదంటే, ఆ పదబంధం మీద కళ్ళు జారిపోవడానికి అందరం ఎంత అలవాటు పడ్డామో చూడండి.

అప్పటినుంచీ ఆ క్రియ నా వెంటపడింది. లెజిటిమైజ్ అన్న చోటల్లా మనం వాడే మాటలు ఒకసారి వరసగా తలుచుకోండి. చట్టబద్ధం చేయు, న్యాయసమ్మతం చేయు, ఆమోదముద్ర వేయు, క్రమబద్ధీకరించు. అన్నీ పైనుంచి కిందికి దిగే మాటలే. పైన ఎవరో కూర్చుని ముద్ర గుద్దుతారు, కిందనున్నది ఆ క్షణం నుంచి సరైనది అయిపోతుంది. ఈ పనికి తెలుగులో అసలైన క్రియ వేరే ఉందని నా వాదన. అది పైనుంచి దిగదు, ఒక చేతిలోంచి పక్క చేతిలోకి నడుస్తుంది. దాన్ని మూలకు నెట్టి సమాసాలు పేర్చుకుంటున్నాం గనక, మాటతో పాటు ఒక ఆలోచన కూడా మన చేజారుతోంది.

ముందు ‘చట్టబద్ధత కల్పించు’ సంగతి. అది ఎక్కడా పనికిరాదని నేను అనను. 2020 చివర్లో రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చుని కనీస మద్దతు ధరకు చట్టబద్ధత కల్పించాలని అడిగినప్పుడు ఆ మాట అతికినట్టు సరిపోయింది. మద్దతు ధర అప్పటికే ఉంది. ఏటా ప్రకటిస్తున్నారు. కానీ ఆ ధర తప్పకుండా దక్కాలనే చట్టం లేదు. వాళ్ళు అడిగింది చట్టమే. బద్ధం అంటే కట్టినది. ధరను చట్టానికి కట్టెయ్యమన్నారు, అంతే.

అదే పదబంధాన్ని ఒక సైనిక నియంత మీద పెట్టి చూడండి. తిరుగుబాటు చేశాడు, రాజ్యాంగం తిరగరాసుకున్నాడు, ఇప్పుడు ఎన్నికలు పెట్టించుకుంటున్నాడు. ‘తన పాలనకు చట్టబద్ధత కల్పించుకోవడానికే ఈ ఎన్నికలు’ అని మనం రాస్తాం. చట్టానికి అతనికి లోటేముంది? చట్టం అతని జేబులోనే ఉంది. లేనిది వేరే. ఇతను చెప్పింది వినాలి అని జనం తమంతట తాము అనుకోవడం లేదు. రాజ్యాధికారం గురించి జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వేబర్ చెప్పింది కూడా ఇదే. సంప్రదాయం, నాయకుడి మీద గురి, నిబంధనల మీద నమ్మకం అని ఆయన మూడు ఆధారాలు చూపించాడు. మూడూ వినేవాడి మనసులో ఉండేవే. ఏలేవాడి పెట్టెలో ఉండేది ఒక్కటీ లేదు.

పైగా ‘కల్పించు’. ఉపాధి కల్పిస్తాం, వసతి కల్పిస్తాం, అవగాహన కల్పిస్తాం. అదే నోటితో కట్టుకథ కల్పిస్తాం, లేని సాక్ష్యం కల్పిస్తాం. ‘ఇందులోని పాత్రలన్నీ కల్పితాలు’ అంటాం. ‘అసెంబ్లీ ఆ నిర్ణయానికి చట్టబద్ధత కల్పించింది’ అని పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఆ రెండో అర్థమే ముందు వినిపిస్తుంది. పొరపాటు అర్థమని తోసెయ్యబుద్ధి కాదు. చాలాసార్లు అదే నిజమనిపిస్తుంది.

ఇక ఆ పక్కకు నెట్టిన క్రియ. చెల్లు.

‘నీ వేషాలు నా దగ్గర చెల్లవు’. ‘ఆ సంతకం చెల్లదు’. ‘మూడు ఓట్లు చెల్లలేదు’. ‘ఆ ఇంట్లో ఆవిడ మాటే చెల్లుతుంది’. ‘అంత మాట అనడం ఆయనకే చెల్లింది’. చివరిదాన్ని కాస్త నిలబెట్టి చూడండి. మెచ్చుకోలుగానూ అంటాం, ఎత్తిపొడుపుగానూ అంటాం. ఎలా అన్నా దాని అర్థం ఒకటే. అదే మాట ఇంకొకరు అంటే ఎదురుదెబ్బ తగిలేది, ఈయన అంటే ఊరుకున్నారు. ఊరుకున్నది ఎవరు? చుట్టూ ఉన్నవాళ్ళు. ఆయనకు ఏ జీవోతోనూ ఆ హక్కు రాలేదు. పూర్వం అధికారాన్ని చెల్లుబడి అని కూడా అన్నారు. ఒకడి మాట ఎంత దూరం చెల్లితే అంత దూరం అతని రాజ్యం.

ఈ క్రియ ఎంత పదునైనదో నాకు పది రూపాయల బిళ్ళ నేర్పింది. కొన్నేళ్ళపాటు ఆ బిళ్ళ ఇస్తే మొహాలు ముడుచుకునేవి. రూపాయి గుర్తు లేనిది నకిలీ అన్నారు. మీది అంచున పదిహేను గీతలుంటే నకిలీ, పది ఉంటే అసలు అన్నారు. రిజర్వ్ బ్యాంకు చెప్పి చెప్పి విసిగిపోయింది. 2018 జనవరి 17న మళ్ళీ ఒక ప్రకటన ఇచ్చి, అప్పటిదాకా వచ్చిన 14 నమూనాల బిళ్ళలూ అసలైనవే, అన్నీ తీసుకోవాల్సిందే అంది. 2011 నాణేల చట్టం చూస్తే ఇంకా స్పష్టం. రూపాయి, అంతకు పైబడిన నాణేలతో వెయ్యి రూపాయల దాకా చెల్లింపు చెయ్యొచ్చు. ఇంతకు మించిన చట్టబద్ధత ఏ వస్తువుకైనా ఉంటుందా?

ఒక కొట్లో నేను ఇదంతా ఏకరువు పెట్టాను. కొట్టతను ఓపికగా విన్నాడు. “చెల్లుతుందని నాకూ తెలుసండీ. నా దగ్గర ఎవరూ తీసుకోరు, అదీ నా బాధ” అన్నాడు.

అతను రిజర్వ్ బ్యాంకును కాదనలేదు. బిళ్ళ నకిలీదని కూడా అతను అనుకోవడం లేదు. తర్వాతి మనిషి అనుకుంటాడేమోనని అనుకుంటున్నాడు. ఆ తర్వాతి మనిషికీ అదే భయం. ఎవరికీ స్వయంగా అనుమానం లేకుండానే ఒక నాణెం ఊరంతా చెల్లకుండా పోగలదు. అర్ధరూపాయి బిళ్ళది ఇంకా విచిత్రం. పావలా, అంతకన్నా చిన్నవి 2011 జూన్ 30తో అధికారికంగా పోయాయి. అర్ధరూపాయి పోలేదు, పది రూపాయల దాకా ఇప్పటికీ చట్టప్రకారం ఇవ్వొచ్చు. ఇచ్చి చూడండి.

తిరగేసిన ఉదాహరణ కట్నం. 1961 నుంచీ ఇవ్వడమూ తీసుకోవడమూ నేరం. అడగకుండా ఇచ్చి, జాబితా రాసిన పెళ్ళికానుకలను మాత్రమే చట్టం మినహాయించింది. అయినా ‘లాంఛనాలు’, ‘అమ్మాయికి మేం పెట్టుకునేది’ అన్న పేర్లతో పెళ్ళిమాటల్లో దర్జాగా కూర్చుంటుంది. చట్టబద్ధమైన బిళ్ళ చెల్లదు, చట్టవిరుద్ధమైన కట్నం చెల్లుతుంది. రెండింటికీ ఒకే ‘చట్టబద్ధత’ పెట్టుకుని కూర్చుంటే ఈ తేడాను ఏ మాటతో చెబుతాం?

చెల్లు మనకొక్కరికే సొంతమైనది కాదు, ద్రావిడ భాషల ఉమ్మడి ఆస్తి. తమిళంలో ‘సెల్’ అంటే వెళ్ళు. అక్కడ కూడా పనికిరాని మనిషిని చెల్లని కాసుతో పోలుస్తారు. కన్నడంలో అది ‘సల్లు’ అయింది. 12వ శతాబ్దంలో బసవన్న ఈ లోకాన్ని కర్తారుడి టంకశాల, అంటే సృష్టికర్త నాణేలు ముద్రించే చోటు అన్నాడు. ఇక్కడ చెల్లినవాళ్ళు అక్కడా చెల్లుతారు, ఇక్కడ చెల్లనివాళ్ళు అక్కడా చెల్లరని ఆ వచనం సారం. టంకశాలలో ముద్ర పడినంత మాత్రాన సరిపోదు, బజార్లోకి వెళ్ళి నిలబడాలి. మోక్షానికి కూడా అదే పరీక్ష పెట్టాడాయన.

వెళ్ళడం అనే మూలార్థం గుర్తుంటే మన వాడుకలోని ఒక తిరకాసు విడిపోతుంది. చెల్లే నోటు అంటే బతికున్న నోటు. కాలం చెల్లిన మందు అంటే చచ్చిన మందు. ‘వాడికి నూకలు చెల్లాయి’ అంటే మనిషే పోయాడు. ఒకే క్రియకు బతుకూ చావూ రెండూ ఎలా వచ్చాయి? నోటు వెళుతూ ఉంటుంది, గనక బతికుంది. కాలమూ నూకలూ వెళ్ళిపోయాయి, ఇక లేవు. చెల్లుచీటీకీ ఇదే గతి పట్టింది. ఒకప్పుడు బాకీ తీరిందని రాసిచ్చే కాగితం, ఇప్పుడు వార్తల్లో ‘పాత విధానానికి చెల్లుచీటీ’ అంటే సాగనంపడం. బాకీ తీరితే సంబంధమూ తీరినట్టే గదా.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వస్తాను. తెలుగులో క్రియకు ‘ఇంచు’ తగిలిస్తే అది జరిగేలా చేయడం అని అర్థం. పండు, పండించు. మండు, మండించు. వెలుగు, వెలిగించు. ఈ లెక్కన చెల్లించు అంటే చెల్లేలా చేయడం, అంటే అచ్చంగా లెజిటిమైజ్ కావాలి. కాలేదు. చెల్లించు అంటే డబ్బు కట్టు. పన్ను చెల్లిస్తాం, అప్పు చెల్లిస్తాం, దేవుడికి మొక్కు చెల్లిస్తాం. ‘మాట చెల్లించుకున్నాడు’ అన్నప్పుడు మాత్రం నెరవేర్చుకోవడం అనే ఛాయ మిగిలింది. అక్కడ కూడా మాట చెల్లడానికి దాని వెనక అతను ఏదో ఒకటి పెట్టాల్సి వచ్చిందనే ధ్వని ఉంది.

భాష దీన్ని కావాలని చేసిందని నేను అనను. భాషలకు కావాలని చేసే తీరిక ఉండదు. అయినా తరతరాల వాడుక ఒక చోటికి వచ్చి ఆగినప్పుడు ఆ చోటును చూడటంలో తప్పులేదు. ఒకదాన్ని చెల్లేలా చెయ్యాలంటే తెలుగువాడికి ఒకే మాటలో దారి లేదు. ‘చెల్లుబాటు అయ్యేలా చూడు’ అని చుట్టు తిరిగి రావాలి. నేరుగా ‘చెల్లించు’ అంటే మాత్రం జేబులో చెయ్యి పెట్టాలి.

ప్రభుత్వాలు ఈ శ్లేషను అక్షరాలా పట్టుకున్నాయి. తెలంగాణలో 2014 డిసెంబరు 30న వచ్చిన 58, 59 జీవోలు గుర్తున్నాయా? సర్కారు భూమిలో ఇళ్ళు కట్టుకున్న పేదలకు 125 చదరపు గజాల దాకా ఉచితంగా హక్కు రాసిచ్చేది మొదటిది. ఆ పరిధిలోకి రానివాళ్ళు డబ్బు కట్టి హక్కు తెచ్చుకునేది రెండోది. చెల్లిస్తే చెల్లుతుంది. అంతకుముందు ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర బీపీఎస్ వచ్చింది. అనుమతులు లేకుండా, ప్లాను దాటి కట్టిన భవనాలకు అది. దాని పేరు విడదీస్తే బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్, భవనాలను శిక్షించే పథకం! జనం బారులు తీరి, దరఖాస్తులు పెట్టి మరీ శిక్షించమని వేడుకున్న సందర్భం ఇంకొకటి ఉంటుందని నేననుకోను. తెలుగు పేపర్లు దాన్ని హాయిగా ‘క్రమబద్ధీకరణ’ అన్నాయి. పేరులో ఉన్న దండన తెలుగులోకి వచ్చేసరికి ఆవిరైపోయింది.

క్రమబద్ధీకరణ అన్నప్పుడు ఇంకో చిక్కు. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తాత్కాలిక ఉద్యోగుల గురించి తీర్పు ఇచ్చింది. పద్ధతిలో లోపం ఉన్న (ఇర్రెగ్యులర్) నియామకం వేరు, అసలు చట్టానికే విరుద్ధమైన (ఇల్లీగల్) నియామకం వేరు అంది. మంజూరైన పోస్టులో, తగిన అర్హతలతో, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్ళు పైబడి పనిచేసినవాళ్ళ విషయం ఒక్కసారికి పరిశీలించవచ్చు, రెండో రకాన్ని క్రమబద్ధీకరించే ప్రసక్తే లేదంది. వేల కుటుంబాల బతుకు ఆ రెండు విశేషణాల మధ్య ఉన్న సందులో ఇరుక్కుంది. తెలుగులో ఆ రెండింటికీ మనం రాసేది ఒకటే, ‘అక్రమ నియామకాలు’. అక్రమం అంటే వ్యుత్పత్తి ప్రకారం క్రమం తప్పినది మాత్రమే. వాడుకలో అది దొంగతనానికి చెల్లెలైపోయింది. ‘అక్రమ ఇసుక’, ‘అక్రమ సంబంధం’, ‘అక్రమార్కులు’. మార్కుల జాబితాలో సంతకం లేని ఉద్యోగి, డబ్బిచ్చి ఉద్యోగం కొనుక్కున్నవాడు, ఇద్దరూ ఒకే గంప కింద పడ్డారు.

ఇంతవరకూ చదివినవాళ్ళు ఒక ప్రశ్న పట్టుకుని కూర్చుని ఉంటారు. చెల్లుబాటు జనం చేతిలోదైతే 2016 నవంబరు 8 సంగతేమిటి? రాత్రి ఎనిమిదికి ఒక ప్రసంగం, అర్ధరాత్రి నుంచి పాత ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవు. దేశంలో తిరుగుతున్న డబ్బు విలువలో సుమారు 86 శాతం. తెల్లారేసరికి నిజంగానే చెల్లలేదు. ఎవరి అనుమతీ అడగలేదు.

నిజమే. దీని గురించి చాలాసేపు ఆలోచించాను. ప్రాణం పోగొట్టడం తేలిక, పొయ్యడం కష్టం అన్న దగ్గర ఆగాను. పాత నోటు అంతకుముందు చేతులు మారిందంటే, గొలుసు చివర బ్యాంకు ఉందని అందరికీ తెలుసు గనక. ఆ చివరి కొక్కెం ఊడదీస్తే గొలుసంతా జారిపోతుంది. కానీ పది రూపాయల బిళ్ళకు ఆ కొక్కెం ఎప్పుడూ ఊడలేదు, అయినా గొలుసు మధ్యలోనే తెగింది. అతికించడానికి అదే రిజర్వ్ బ్యాంకు ప్రకటన మీద ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఒక్క రాత్రిలో చంపగలిగిన చెయ్యి, ఏళ్ళు పట్టినా బతికించలేకపోయింది.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన ఉదాహరణ నోట్లది కాదు, పిల్లలది.

లెజిటిమైజ్ అనే క్రియకు పాత కొలువు అదే. లాటిన్‌లో చట్టానికి లెక్స్ అని పేరు, దాన్నుంచే ఈ మాట. పెళ్ళికి ముందో, పెళ్ళి బయటో పుట్టిన బిడ్డను తర్వాత సక్రమ సంతానంగా చేసుకోవడం దాని అర్థం. తల్లిదండ్రులు ఆ తర్వాత పెళ్ళి చేసుకుంటే బిడ్డ సక్రమమవుతుందని చర్చి అంది. ఇంగ్లండులో 1236లో మెర్టన్‌లో జరిగిన సభలో బిషప్పులు అదే రూలు దేశ చట్టంలోకి తేవాలని అడిగితే, మా చట్టాలు మార్చం పొమ్మన్నారు ప్రభువులు. ఆ మొండితనం 1926 దాకా, 690 ఏళ్ళు సాగింది. మధ్యలో గొప్పింటి వాళ్ళకు మాత్రం సందు దొరికింది. జాన్ ఆఫ్ గాంట్ అనే రాజకుమారుడికి పెళ్ళికి ముందు పుట్టిన నలుగురు పిల్లలను, ఆయన వాళ్ళ తల్లిని పెళ్ళాడాక, 1397లో రెండో రిచర్డ్ రాజు పార్లమెంటులో సక్రమం చేశాడు. ఆ తర్వాత రాజైన వాళ్ళ సవతి అన్న నాలుగో హెన్రీ, 1407లో ఆ పత్రాన్ని మళ్ళీ ఖాయం చేస్తూ మూడు లాటిన్ ముక్కలు ఇరికించాడు. ‘రాజపదవి మినహా’ అని. ఆస్తి తీసుకోండి, పరువు తీసుకోండి, సింహాసనం వంక మాత్రం చూడొద్దు. 1485లో ఆ వంశపు ఆడపడుచు కొడుకు యుద్ధం గెలిచి ఏడో హెన్రీగా ఆ సింహాసనమే ఎక్కాడు. మూడు ముక్కలూ పత్రంలోనే ఉండిపోయాయి.

ఇది చదివి నా వాదానికి బలం దొరికిందని సంబరపడ్డాను. ముద్ర మినహాయించినదాన్ని కత్తి చెల్లించుకుంది గదా! తర్వాత మన దేశపు హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి సంబరం తగ్గింది.

చెల్లని పెళ్ళికి పుట్టిన పిల్లల గురించిన సెక్షన్ అది. భార్య ఉండగా రెండో పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి చెల్లదు. మరి పిల్లలు? 1955లో రాసినప్పుడు, కోర్టు ఆ పెళ్ళిని రద్దు చేస్తూ డిక్రీ ఇస్తేనే పిల్లలు సక్రమ సంతానంగా పరిగణన పొందేవాళ్ళు. ఎవరూ కోర్టుకు వెళ్ళకపోతే ఆ పిల్లలు ఎటూ కాకుండా పోయేవాళ్ళు. 1976లో సవరించి, డిక్రీ ఉన్నా లేకున్నా వాళ్ళు సక్రమ సంతానమే అన్నారు. ఆస్తి హక్కు మాత్రం తల్లిదండ్రుల ఆస్తి వరకే. ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే వాటా తండ్రి ఆస్తి కిందకు వస్తుందా రాదా అనే తగువు 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టులో తేలింది. వస్తుందన్నారు.

పెళ్ళి చెల్లదు, పిల్లలు చెల్లుతారు. తర్కానికి నిలబడదు. నిలబడాల్సిన పనీ లేదు. అది న్యాయశాస్త్రం తెలిసి తెలిసి చేసిన కల్పన, లీగల్ ఫిక్షన్. ఇక్కడ చుట్టూ ఉన్నవాళ్ళ మాటకే వదిలేస్తే ఏమయ్యేదో మనందరికీ తెలుసు. బడిలో ఇంటిపేరు అడిగిన రోజు నుంచి పెళ్ళి సంబంధం చూసే రోజు దాకా ఆ బిడ్డను చెల్లని కాసు చేసి చూపించేది ఆ చుట్టూ ఉన్నవాళ్ళే. చెల్లు అనే నా ముద్దుల క్రియ ఎంత క్రూరంగా ఉండగలదో అప్పుడు అర్థమైంది. జనం చేతిలో ఉన్నంత మాత్రాన అది మంచిది అయిపోదు. పది రూపాయల బిళ్ళ విషయంలోనూ తప్పు జనానిదే, బ్యాంకుది కాదు.

అందుకని ‘కల్పించు’ మీద నా కోపం సగం దిగింది. పసివాడికి రాజ్యం ఒక సక్రమత్వాన్ని కల్పించిందంటే, రెండర్థాల్లోనూ కల్పించిందంటే, నాకు అభ్యంతరం లేదు. లేనిదాన్ని సృష్టించాలి గనకే సృష్టించారు. అయితే అది కల్పన అని తెలిసి వాడాలి. నియంతకూ, గజానికి ఇంతని కట్టించుకున్న కబ్జాకూ, చర్చకు పిలిచిన విద్వేషికీ, పసివాడికీ ఒకే ముద్రను కొట్టుకుంటూ పోవడమే నాకు గిట్టదు.

‘గుర్తించు’ కూడా ఈ గుంపులోదే, కాస్త వినయం ఉన్న మాట. చీకట్లో మనిషిని గుర్తిస్తాం, దేశాన్నీ గుర్తిస్తాం. రెండింటికీ ఒకటే క్రియ కావడంలో ఒక ఒప్పుకోలు ఉంది. మనం చూడకముందే అది అక్కడ ఉంది. అంతర్జాతీయ న్యాయంలో దీని మీద పెద్ద వాదమే నడిచింది. 1933 మాంటెవీడియో ఒప్పందం, ఇతరులు గుర్తించినా గుర్తించకపోయినా రాజ్యం రాజ్యమేనంది. భారత్ బంగ్లాదేశ్‌ను 1971 డిసెంబరు 6న గుర్తించింది. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది పది రోజుల తర్వాత. ఆ పది రోజులూ మనం ఉన్నదాన్ని గుర్తించామా, ఉండబోయేదాన్నా అంటే చెప్పడం కష్టం.

ఇన్ని జీవోలూ ఒప్పందాలూ చెప్పుకున్నాం గానీ, తెలుగులో అన్నిటికన్నా సమర్థంగా ఈ పని చేసిన మాట వేరే ఉంది. మామూలు. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ఎప్పుడూ జరిగేది, అలవాటు అని అర్థం. దాన్ని బహువచనం చేస్తే మామూళ్ళు, లంచాలు. లంచం అంటే నేరం వాసన వేస్తుంది, మామూలు అంటే వెయ్యదు. అడిగేవాడికి సిగ్గు లేదు, ఇచ్చేవాడికి బరువు లేదు. ఎవరూ ప్రకటన ఇవ్వలేదు, ఎవరూ ముద్ర వెయ్యలేదు. పేరు మారిస్తే చాలింది. విద్వేషిని చర్చకు పిలవడంలో ఆ రచయితకు కనిపించిన ప్రమాదం సరిగ్గా ఇదేనని నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక రోజు పిలుస్తారు, పది రోజులు పిలుస్తారు, ఆ మాటలు వినడం మామూలైపోతుంది. చట్టానికి ఇందులో ఏ పాత్రా లేదు.

మొన్నామధ్య ఆ పాత అనువాదాలన్నీ కలిపి వేద్దామని ఎవరో అడిగితే, ఆ వ్యాసం మళ్ళీ తీశాను. ఈసారి టైముంది. ఆ వాక్యం కొట్టేసి, ‘పిలిచి పీట వేస్తే, రేపటినుంచి వాళ్ళ మాటా చెల్లుతుంది’ అని రాశాను. పెద్దాయన రిటైరై చాలా కాలమైంది. ఫోన్ చేసి చదివి వినిపించాను.

అవతల కాసేపు ఏమీ వినబడలేదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోస్తున్నారనుకున్నాను.

“చెల్లుతుంది బావుందయ్యా. ‘పీట వేస్తే’ తీసెయ్. పిలవడమే చాలు.”

తీసేశాను.